కొండకి వల మోసిన అల్లుడు

ముందుగా ఒక మాట ఒప్పేసుకుంటే మీకూ నాకూ మంచిది. దేన్నయినా దాని సైజులో చూసే అలవాటు నాకు లేదు. నేను పట్టిన చేప నీళ్ళలోంచి బయటికొచ్చేటప్పుడు జానెడుంటుంది, ఇంటికి చేరేసరికి మూరెడవుతుంది, టీ అంగడి దాటేసరికి దాన్ని మోయడానికి ఇద్దరు మనుషులు కావాల్సొస్తుంది. దీన్ని అబద్ధం అనకూడదు, ఎదుగుదల అనాలి. (బతికున్న చేప ఎదిగితే ఎవరూ ఏమీ అనరు, చచ్చిన చేప ఎదిగితేనే లోకానికి అనుమానం.) కాబట్టి ఇప్పుడు చెప్పబోయే దాంట్లో కొండ ఎత్తు, నీళ్ళ లోతు, కుక్కల లెక్క మీకు మరీ ఎక్కువనిపిస్తే ఎవరికి కావాల్సినంత వాళ్ళు కోసుకోండి, నేనేమీ అనుకోను. ఒక్క చోట మాత్రం అచ్చంగా కల్పించినాను. అదేదో ఆఖర్న నేనే చెబుతాను, దారిలో వెతుక్కుంటూ అలిసిపోవద్దు.

మాకు పెళ్ళయిన ఆ కొత్త రోజుల్లో నాకొక రకమైన జ్వరం ఉండేది. ఎవరేమడిగినా 'ఓస్, అంతేనా' అనిపించే జ్వరం. కొత్త పెళ్ళికొడుకులందరికీ వచ్చేదే గానీ నాకు రవ్వంత గట్టిగా తగిలింది. మాది విడవలూరు దిక్కున సముద్రం ఒడ్డు. మా ఆవిడది దొరవారిసత్రం అవతల, పులికాట్ సరస్సు అంచునుండే పల్లె. రెండిళ్ళదీ చేపల బతుకే. బయటివాళ్ళకి మేమంతా ఒకటే అనిపిస్తాం గానీ, మా మధ్య తేడా ఎంతంటే, మేము అలల మీద పడవెక్కి కనుచూపు దాటిపోయే వాళ్ళం, వాళ్ళు నడుముల్లోతు నీళ్ళలో దిగి నడుచుకుంటా వల విసిరే వాళ్ళు. సంబంధం మాట్లాడుకోడానికి పోయిన రోజే మా వైపు ముసలాయనొకడు సరస్సుని ఎగాదిగా చూసి, "ఈ నీళ్ళలో మునగాలంటే పడుకోవాల గదయ్యా" అన్నాడు. మా మామ చుట్ట తీసి పక్కన పెట్టి, "మునిగే వాళ్ళకి మేం పిల్లనివ్వంలే అన్నా" అన్నాడు. అంత ప్రేమగా మొదలైన సంబంధం మాది.

పెళ్ళయి అత్తగారింట్లో ఉన్నప్పుడు ఒక పొద్దున మా ఆవిడ నన్ను సరస్సు గట్టు మీదికి తీసుకుపోయింది. అప్పటిదాకా ఆమె నాతో మాట్లాడిన మాటలన్నీ కలిపితే ఒక పిడికిట్లో పట్టేవి, వాటిలో సగం 'ఇంకొంచెం అన్నం' అన్నవే. రాత్రంతా వాన కురిసి తెల్లారి తెరిపిచ్చింది. పడమటి దిక్కున కొండలు కడిగి బోర్లించినట్టు నీలంగా ఉన్నాయి.

"బావా, ఆ కొండ మీద తెల్ల గీత కనపడతా ఉందా?"

"కనపడతా ఉంది" అన్నాను. (కనపడలేదు. కొత్త పెళ్ళాం చూపిస్తే కనపడదని చెప్పేవాడు లోకంలో ఉంటాడా.)

"అది నీళ్ళు దూకే చోటంట. వానలప్పుడు నాలుగు రోజులు కనపడి మళ్ళీ పోతాది. చిన్నప్పట్నించీ ఈడ నిలబడి చూస్తా ఉండా. మా నాయన్నడిగితే ఆ నీళ్ళలో చేపల్లేవు, పోయి ఏం చేస్తావంటాడు. నువ్వు తీసకపోతావా నన్ను?"

"ఓస్, అంతేనా" అన్నాను.

ఆ కొండ పేరు మీకు చెప్పను. వరదయ్యపాళెం దిక్కున ఉందని మాత్రం చెబుతాను. పేరు చెబితే మీలో ఎవరో ఒకరు పోయి కొలత వేసుకొస్తారు. అట్టాంటి మనిషి మా ఇంట్లోనే ఒకడున్నాడు, ఆయన చాలు. మా తోడల్లుడు. మా ఆవిడ అక్క మొగుడు. సర్వేయర్ దగ్గర పని, జేబులో ఎప్పుడూ స్టీలు టేపు ఉండేది, అందుకని ఊరంతా టేపు అనే పిలిచేవాళ్ళు. భోజనానికి కూర్చుంటే విస్తరికీ విస్తరికీ మధ్య ఎడం చూసుకుని కూర్చునే మనిషి. నాలాంటి వాడికి ఆయన తోడల్లుడు కావడం దేవుడి ఎకసెక్కం. ఆయన కూడా తన పెళ్ళయిన కొత్తలో మా వదిన్ని తీసుకుని ఇదే కొండకి పోయినాడు. ఆ కొండలో వాగు ఒక మడుగులోంచి ఇంకో మడుగులోకి దూకుతా దిగుతుంది. ఆయన రెండో మడుగు దాకా ఎక్కి, అక్కడ బండ మీద కూర్చుని, దమ్ము తీసుకుని, కిందికి దిగేసినాడు. అప్పట్నించీ మా మామ ఆయన్ని పరోక్షంలో 'రెండో మడుగు' అనేవాడు. (ప్రత్యక్షంలో ఒక్కసారే అన్నాడు. మా వదిన రెండు పూటలు వంట చెయ్యలేదు.)

మేము పోతున్నామని తెలిసి టేపు ఆ సాయంత్రమే మోటారు సైకిల్ మీద వచ్చి వాలినాడు.

"పైదాకా పోతావా తమ్ముడూ?"

"పోతామన్నా."

"నువ్వు సముద్రమోడివి. మీ వూళ్ళో నేల పళ్ళెం మాదిరి ఉంటాది. ఆడ నేల నిలువుగా లేస్తాది మరి."

"అది లేస్తే మేమూ లేస్తాం."

"సరే, నా బండి తీసకపో. ఒక్కటే మాట. మా ఆఫీసోళ్ళు కొలతకి పైదాకా ఎక్కినారు. పైన ఏముందో నాకు తెలుసు. నువ్వొచ్చి చెప్పాల. సరిపోతే సరి, లేదంటే నా పేరు నీకు రాసిస్తా."

అందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను, నా నవ్వు అందరికంటే పెద్దది. మా ఆవిడ మాత్రం నవ్వలేదు. తర్వాత దొడ్లోకొచ్చి, "పెద్దబావ పరీక్ష సంగతి వదిలెయ్ బావా. అక్క ఆ రెండో మడుగు కాడ్నించి తిరిగొచ్చి ఎవరికీ తెలీకుండా ఏడ్చింది. మొగుడు కూర్చున్నాక తనొక్కతే ఎట్టా పోతాది. నువ్వు మాత్రం కూర్చోబాక" అంది. ఆ మాటతో జ్వరం కాస్త తగ్గింది. పెళ్ళాం మొదటిసారి అడిగిన కోరిక. అది తీరకపోతే తర్వాత ఎన్ని చీరలు తెచ్చినా ఆ చీరల మడతల్లో కూర్చుని వెక్కిరిస్తుంది.

తెల్లారి బయల్దేరబోతుంటే మా మామ గోనెసంచి ఒకటి తెచ్చి నా భుజానికెత్తినాడు. భుజం కుంగింది. "ఏంది మామా ఇది?" అంటే "వల" అన్నాడు. ఆయన సొంత విసురు వల. అంచు చుట్టూ సీసం గుళ్ళు, నడినెత్తిన పొడుగాటి నైలాను తాడు. "కొండకి వలెందుకు మామా?" అన్నాను. ఆయన నన్ను చదువురాని వాణ్ణి చూసినట్టు చూసినాడు. "కొత్త నీళ్ళ కాడికి ఉత్త చేతుల్తో పోతారా ఎవరైనా? చుట్టాలింటికి అట్టా పోతావా నువ్వు? చేప పడినా పడకపోయినా ఒక్కసారి వల తడిపి రావాల. అది మర్యాద." సరస్సోళ్ళ పద్ధతి అది. సముద్రమోళ్ళకి ఈ మర్యాద తెలీదు. మా వల మోయాలంటే ఊరు కావాలి. (ఆ సంచి బరువు ఎంతంటారా, నేను చెబితే మీరు నమ్మరు. మా ఆవిడ చెప్పిన బరువు నేనొప్పుకోను.) దాని మీద మా అత్త, కొండెక్కితే ఆకలేస్తుందని, వేయించిన ఎండుచేపలు, చద్దన్నం కలిపి పెద్ద క్యారియర్ కట్టించింది. మా ఆవిడ కొత్త వెంకటగిరి చీర కట్టుకుని, వల ఒళ్ళో పెట్టుకుని, క్యారియర్ వలలో పెట్టుకుని వెనకాల కూర్చుంది. హైవే మీద లారీ వాళ్ళందరూ ఆగి దారిచ్చినారు. అది భయమో గౌరవమో అడగడానికి మేమాగలేదు.

కొండ కిందికి చేరి బండి దిగేసరికి కుక్కలు మొదలైనాయి. ఎండుచేప వాసన కొండ పల్లెల్లో అరుదనుకుంటా. మొదట ఒకటొచ్చింది. తర్వాత దాని చుట్టాలొచ్చినాయి. ఫారెస్టు వాచరు కాపలా ఉండే గుడిసె దగ్గరికి చేరేసరికి మా వెనకాల ముప్పై కుక్కలకి తక్కువ లేవు. (కోసుకోండి, ముందే చెప్పినాను.) వాచరు బయటికొచ్చి కుక్కల్ని చూసినాడు, మా ఆవిడ చీర జరీ అంచు చూసినాడు, నా భుజం మీద గోనెసంచి చూసినాడు.

"ఆ మూటేంది?"

"వల."

"ఏం వల?"

"చేపల వల."

ఆయన కొండకేసి ఒకసారి, నాకేసి ఒకసారి చూసినాడు. "దేనికి సామీ, కోతుల్ని పట్టను?"

"మా మామ పంపినాడు" అన్నాను. అంతకంటే మంచి సమాధానం ఇప్పటికీ దొరకలేదు.

ఆయనకి పెళ్ళయి చానాళ్ళయినట్టుంది, వెంటనే అర్థం చేసుకున్నాడు. "మామ పంపితే మోయాల్సిందే. పొండి. పొద్దుండగానే దిగండి" అన్నాడు.

మొదటి మడుగు దగ్గరికి చేరేసరికే అక్కడ మద్రాసు నుంచి వచ్చిన కాలేజీ కుర్రాళ్ళు ఓ గుంపున్నారు. నీళ్ళు పచ్చగా, అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టుకునేంత తేటగా ఉన్నాయి. మా ఆవిడ "వల తడుపు బావా, మర్యాద అయిపోతాది" అంది. కుర్రాళ్ళందరూ నావైపు తిరిగినారు. ఇక్కడ మీకొక రహస్యం చెప్పాలి. సముద్రం మీద పుట్టి పెరిగిన నేను విసురు వల ఒక్కసారి కూడా విసిరి ఎరగను. అది సరస్సోళ్ళ విద్య. భుజం మీద కొంత, మోచేతి మీద కొంత, పళ్ళ మధ్య ఒక గుండు పట్టుకుని నడుము తిప్పి విసిరితే వల గాలిలో గుండ్రంగా గొడుగు విచ్చుకున్నట్టు విచ్చుకోవాలి. నేను కూడా పళ్ళ మధ్య గుండు పట్టుకున్నాను, నడుము తిప్పినాను, విసిరినాను. పిండిన తువ్వాలు మాదిరి పోయి దబ్బున పడింది. పళ్ళ మధ్య గుండు వదలాలని ఎవరూ చెప్పలేదు, అందుకని దానితో పాటు నేనూ పోయినాను.

పడితే పడినాను, నీళ్ళే కదా అనుకున్నాను. నడి సముద్రంలో పడవ బోల్తాపడితే నవ్వుకుంటా ఈదిన వంశం. కానీ ఉప్పు నీళ్ళలో ఈదిన వాడికి ఆ ఉప్పు ఎంత సాయం చేస్తుందో మంచినీళ్ళలో పడితే గానీ తెలీదు. సముద్రం మనిషిని అరచేతిలో పెట్టి ఎత్తుకుంటుంది. ఈ కొండ నీళ్ళకి ఆ మొహమాటమే లేదు. వెల్లకిలా తేలదామని హాయిగా కాళ్ళు చాపినాను, కాళ్ళు నా మాట వినకుండా కిందికి పోయినాయి, వాటి వెనకాలే నేను. అట్టా దిగుతా దిగుతా పాతాళం దాకా పోయినాను. అక్కడ నాగకన్యలు కూడా కనపడ్డారు గానీ మా ఆవిడ పక్కనే ఉందని పలకరించలేదు. పైకి తేలి చూస్తే కుర్రాళ్ళు చప్పట్లు, గట్టు మీద కుక్కల బారు, మా ఆవిడ మాత్రం నీళ్ళలో నా పక్కన నిలబడి ఉంది. నిలబడి. నడుముల్లోతు.

"లే బావా, నిలబడు" అంది మెల్లగా. "అందరూ చూస్తా ఉండారు."

వల రాళ్ళలో చిక్కుకుంటే ఆమే పోయి విడిపించుకొచ్చింది. అప్పుడు చూసినాను ఆమె నడక. చీర కచ్చె పోసి బిగించి, కాలు ఎత్తకుండా, అడుగున పాదాన్ని జార్చుకుంటా పోతుంది. సరస్సులో తోకముల్లుండే టేకు చేపలు బురదలో పడుకుని ఉంటాయి, కాలెత్తి వేస్తే ముల్లు దిగుతుంది, ఈడ్చుకుంటా పోతే అవే తప్పుకుంటాయి. నడక నేర్చినప్పుడే వాళ్ళకి ఈ నడక నేర్పుతారు. మాకు ఇంకోటి నేర్పుతారు. అల వచ్చేదాకా ఆగు, అల రాగానే ఎగురు. ఆ కొండ వాగులో పాచి పట్టిన బండల మీద ఈ రెండు విద్యలూ ఎదురెదురు నిలబడినాయి. నేను ఆగి ఎగిరినప్పుడల్లా పడినాను. ఆమె కాలు ఎత్తనూ లేదు, పడనూ లేదు. మా పెళ్ళినాటి నుంచి సరస్సోళ్ళ మీద మా వాళ్ళు వేసిన జోకులన్నీ ఒక్కొక్క బండ దగ్గర ఒక్కొక్కటి నేను వెనక్కి తీసుకున్నాను. ఓ పది బండలయ్యాక, "ఎగరబాక బావా, ఈడ్చు. పాదం ఈడ్చు" అంది. ఈడ్చినాను. లోకం నిలకడగా నిలబడింది.

రెండో మడుగు దగ్గర క్యారియర్ విప్పినాం. దాని పైన నీళ్ళు రెండు పాయలుగా తెల్లగా దిగుతున్నాయి, తుంపరకి అన్నం దానంతటదే తడుస్తోంది. కుక్కలు చుట్టూ పెళ్ళి బంతికి కూర్చున్నట్టు కూర్చున్నాయి. తినే చేప మాకెంతో వాటికీ అంత. మడుగు పక్కన చదునుగా, పరుపేసినట్టు ఒక బండ ఉంది. నేను కడుపునిండా తిని ఆ బండ మీద నడుం వాల్చబోతే మా ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"దాని మీద కూర్చోబాక. పెద్దబావ కూర్చున్న బండ అదే."

దిగ్గున లేచినాను. నిజం చెప్పాలంటే టేపు మీద నాకు ఆ క్షణాన జాలేసింది. అంత తిన్నాక, అంత చల్లటి గాలికి, ఆ బండ మీద కూర్చున్నవాడు లేచి పైకి పోవాలంటే దేవుడే లేపాలి. నన్ను లేపడానికి నా పెళ్ళాం ఉంది. కుక్కలు మాత్రం తినేసి ఆ బండ మీదే పడుకున్నాయి. తోడల్లుడి తరఫున.

అక్కడ్నించి పైకి నేను ఎక్కిన తీరు చూస్తే మీరు కూడా చప్పట్లు కొట్టేవాళ్ళు. వాగులోనే దారి. ఒక్కో మెట్టుకి ఒక్కో చిన్న మడుగు, ఒక్కో మడుగుకి ఒక్కో చిన్న జలపాతం. కొన్నింటి కింద తల పెట్టినాం, కొన్నింటిని చుట్టుకుని పోయినాం, ఒకదాని వెనకాల దూరి నీళ్ళ తెరలోంచి అడవిని చూసినాం. మా ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. అంతకుముందు ఆమె నవ్వితే చెయ్యడ్డం పెట్టుకునేది, అక్కడ చేతులు రెండూ బండలు పట్టుకోడానికి కావాల్సొచ్చి నోరు ఖాళీగా దొరికింది. పాదాలు ఈడుస్తా, వల మోస్తా, ఎంత దూరం ఎక్కినామో నాకు తెలీదు గానీ ఒకచోట మేఘం మాకంటే కింద పోతోంది. (ఇది పొగమంచు అని మా ఆవిడ అంటుంది. కొండ మీద పొగమంచుని మేఘం అంటారని ఆమెకి ఎన్నిసార్లు చెప్పినా వినదు.)

అట్టా పోతాపోతా చివరికి గోడ వచ్చింది. నిలువు బండ. దాని ఎడమ పక్కన జలపాతం ఊపిరాడనీకుండా దూకుతోంది. కుడి పక్కన మనిషి పట్టేంత బండ సందు, దాని పైన అంచున వంకర తిరిగిన చెట్టు మొద్దు. అదే ఆఖరి మెట్టు. అది ఎక్కితే తెల్లగీత పుట్టిన చోటు. పట్టుకోడానికి మాత్రం ఏమీ లేదు. ఇద్దరం తలెత్తి చూసినాం. ఇద్దరం ఒకేసారి గోనెసంచి చూసినాం.

నేను వల తీసినాను. భుజం మీద కొంత, మోచేతి మీద కొంత, గుండు మాత్రం ఈసారి పళ్ళలో పెట్టుకోలేదు. నడుము తిప్పి విసిరితే వల గాలిలో గుండ్రంగా విచ్చుకుని, పున్నమి చంద్రుడు మాదిరి పోయి, మొద్దు మీద పడి, సీసం గుళ్ళు దాని వంకరల్లో చిక్కుకుని బిగుసుకుంది. తాడు లాగి చూసినాను, కొండే కదిలింది గానీ వల కదల్లేదు. ముందు ఆమె ఎక్కింది, వెనకాల నేనెక్కినాను.

పైన ఇంకో లోకముంది. గుండ్రటి మడుగు, పెద్ద పళ్ళెంలో నీళ్ళు పోసినట్టు. అడవి లోపల్నించి మూడు పాయలొచ్చి దాంట్లో చప్పుడు లేకుండా కలుస్తాయి. అంత అరుపు కింద ఉంటే పైన గుసగుస కూడా లేదు. ఒడ్డున బండలు, తడిసిన ఏనుగులు రెండు పక్కపక్కన పడుకున్నట్టు. ఏదో చెట్టు తెల్లపూలు రాలుస్తా ఉంటే అవి మెల్లగా తిరిగి తిరిగి అంచు దాకా వచ్చి కిందికి దూకేస్తాయి. మా ఆవిడ దోసిట్లో నీళ్ళు పట్టుకుని తాగి, "చప్పగా ఉండాయి" అంది ఆశ్చర్యంగా. తర్వాత అంచుకి పోయి తూర్పు దిక్కు తిరిగి నిలబడింది. దూరంగా, నేల అయిపోయే చోట, సన్నగా మెరిసే గీత. అది సరస్సు. దాని అంచున గోరంత మచ్చ. "మా పల్లె" అంది. ఇన్నేళ్ళు ఏ గీత కేసి చూస్తా నిలబడిందో ఆ గీతలో నిలబడి, తాను నిలబడ్డ చోటుని చూసుకుంటా, పొద్దు పడమటికి తిరిగేదాకా కదల్లేదు.

దిగి బండెక్కి అత్తగారింటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళ. టేపు వాకిట్లోనే మంచం వేసుకుని కూర్చోనున్నాడు. మామ గుంజకి ఆనుకుని చుట్ట వెలిగించుకున్నాడు. మా వదిన తలుపు పక్కన నిలబడుంది. ఆమె మొహం చూస్తే పరీక్ష ఎవరిదో తెలీలేదు.

"ఎక్కినారా?" అన్నాడు టేపు.

"ఎక్కినాం."

"పైన ఏముంది?"

"మడుగు."

"మడుగులు కిందా ఉండాయి. ఎట్టాంటి మడుగు?"

"గుండ్రం. పళ్ళెం మాదిరి."

టేపు కాస్త సర్దుకుని కూర్చున్నాడు. "నీళ్ళెన్ని పాయలు వచ్చి కలుస్తాయి?"

"మూడు."

"ఒడ్డున?"

"బండలు. ఏనుగులు పడుకున్నట్టు రెండు."

"ఆగాగు" అన్నాడు, వేలెత్తి. "మా ఆఫీసోళ్ళు ఒకటే ఏనుగన్నారు."

నేను మా ఆవిడ కేసి చూసినాను. మా ఆవిడ వల సంచి కిందికి దించుతా, తలెత్తకుండా, "మీవోళ్ళు ఎండల్లో పోయుంటారు పెద్దబావా. వానలకి రెండోది కూడా వచ్చి పడుకుంటాది" అంది.

మామకి చుట్ట పొగ పొలమారింది. మా వదిన పగలబడి నవ్వింది. ఆ నవ్వు చూసి టేపు కూడా నవ్వక తప్పలేదు. "సరే తమ్ముడూ, గెలిచినావ్" అని నా భుజం తట్టినాడు. సరిగ్గా వల మోసిన భుజం. ఆ రాత్రి నాకు వడ్డించిన చేప తల ఎంతదో నేను చెప్పను, మీరు కోసేస్తారు. మామ వల విప్పి దీపం దగ్గర చిరుగులు చూసుకుని, "ఈ పాలి కొండకి పోతే పాత వల తీసకపొండి" అన్నాడు, అంతే. ఆ రోజు నుంచి నేను సముద్రం అల్లుణ్ణి. టేపు రెండో మడుగే. ఇన్నేళ్ళుగా ఏ పెళ్ళికి పోయినా, ఏ పేరంటానికి పోయినా నా చేత ఈ కథ చెప్పించుకోకుండా ఎవరూ చెయ్యి కడగరు. మా ఆవిడ పక్కన రొయ్యలు ఒలుస్తా వింటుంది. ఏనుగులు మూడైన రోజు కూడా ఏమీ అనలేదు.

సరే, మాటిచ్చినాను కాబట్టి చెబుతున్నా. కుక్కలు నిజం. మేఘం నిజం. పాతాళం దాదాపు నిజం. కల్పించింది ఒక్కటే. ఆఖరి మెట్టు నేను ఎక్కలేదు.

వల విసిరింది ఆమె. కొడుకుల్లేని మా మామ చిన్నప్పుడే ఆమెకి విసరడం నేర్పినాడంట. వల మొద్దుకి బిగుసుకున్నాక ఆమె తాడు నా చేతికిచ్చి, "నువ్వు ముందెక్కు" అంది. నేను రెండు బారలు ఎక్కి కిందికి చూసినాను. అంతవరకూ నా జీవితంలో నేను చూసిన ఎత్తల్లా పడవ అంచు. అలలు తల మీద విరిగినా బెదరని వాణ్ణి అక్కడ కళ్ళు మూసుకుని తాడుని వాటేసుకున్నాను. ఎట్టా దిగినానో తెలీదు. దిగి బండకి వీపు ఆనించి, "నా వల్ల కాదు. పోదాం పద" అన్నాను. ఆమె పైకి చూసింది. రెండో మడుగు దగ్గర మా వదిన ఎట్టా చూసుంటుందో అట్టా చూసిందనుకుంటా. ఆ చూపు చూసినాక నాకు సిగ్గేసింది. "నువ్వు పో" అన్నాను. "నేను తాడు పట్టుకుంటా. ఊగకుండా బిగించి పట్టుకుంటా. నువ్వు పోయి చూసి రా."

ఆమె పోయింది. నేను తాడు నడుముకి రెండు చుట్లు చుట్టుకుని, బండకి కాళ్ళు తన్నిపెట్టి, కళ్ళు మూసుకుని నిలబడినాను. తాడు బరువెక్కింది, తేలికైంది. "ఏముంది?" అని అరిచినాను. జలపాతం హోరులో ఆమెకి వినపడలేదో, వినపడీ పలకలేదో తెలీదు. చాలాసేపటికి నా తల మీద తెల్లపువ్వొకటి పడింది.

ఆమె దిగొచ్చి, చిరిగితే చిరిగిందని ఇద్దరం వల కిందికి లాక్కున్నాక "మీ వాళ్ళకి నేను ఎక్కలేదని చెప్పేస్తా" అన్నాను. "నువ్వు తాడు వదిలుంటే నేను ఎక్కేదాన్నా? గమ్మున బండి తియ్" అంది. వెనకాల కూర్చుని తడ ఊరు దాటేదాకా పైనున్నదంతా నాకు ఒక్కొక్కటే చెప్పింది. మడుగు గుండ్రం, పాయలు మూడు, ఏనుగు ఒకటి. నన్ను తిరిగి అప్పజెప్పమంది. రెండోసారి అప్పజెప్పేటప్పుడు ఏనుగులు రెండైనాయి. ఆమె నా వీపు మీద తల పెట్టి నవ్వింది, దిద్దలేదు. నా జీవితంలో నేను పెంచి చెప్పిన మొదటి సంగతి అదే, దానికి దొరికిన మొదటి నవ్వూ అదే.

ఇప్పుడు నాకు యాభై దాటింది. స్టూలెక్కి బల్బు మార్చాలన్నా మా ఆవిడే ఎక్కుతుంది, నేను స్టూలు పట్టుకుంటాను. ఆ పై మడుగు నేను ఈనాటికీ చూడలేదు గానీ దాని గురించి నాకంటే బాగా చెప్పేవాడు ఈ జిల్లాలో లేడు. అప్పుడప్పుడూ కథ చెబుతా చెబుతా ఆ గోడ దగ్గరికి వచ్చినప్పుడు కింద నిలబడ్డ ఆ కుర్రాడు కనపడతాడు. తాడు నడుముకి చుట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, నెత్తిన పువ్వుతో. కళ్ళు తెరవరా పిచ్చోడా, ఆమె అంచున నిలబడి ఉంది, తలెత్తి చూడరా అని చెప్పాలనిపిస్తుంది. వాడు వినడు. తాడు వదిలేస్తానేమోనని వాడి భయం.